తాళంచెవి లేని లాకు

చెంచురామయ్య గారి దొడ్లో రెండు జీపులుండేవి. ఒకటి మనుషులెక్కేది, ఇంకోటి కోళ్ళెక్కేది.

రెండూ ఒక్క కానుపులో పుట్టినట్టే. మిలిటరీ వాళ్ళు వదిలించుకున్న బళ్ళు కొని అమ్మే సికింద్రాబాదు వ్యాపారి దగ్గర మూడేళ్ళ కిందట ఒకే రోజు కొన్నాడాయన. పచ్చజీపు బుద్ధిగలది. మట్టిరంగు జీపుకు మాత్రం దయ్యం పట్టిందని పసిపిల్లల నుంచి పండుముసలి దాకా ఊరంతా నమ్మకం. ఊరంటే మరీ ఊరని కాదు. పాల్వంచ దాటాక తారురోడ్డు వదిలి అడవిలోకి పదకొండు మైళ్ళు పోతే కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ చెంచురామయ్య గారి మిరపచేలు, వాటి పక్కనే రూప్‌సింగ్ వాళ్ళ తండా. అంతే.

దయ్యం అనడానికి కారణాలు లేకపోలేదు. ఆ జీపు మలుపు తిరిగినప్పుడల్లా వెనక నుంచి టకటకమని చప్పుడు. పోనీ అంటే, మొన్న వేసవిలో ఇంకో విడ్డూరం జరిగింది. బావి మీద మోటారు కాలిపోయింది. జీపు వెనక చక్రం ఒకటి జాకీతో లేపి, గాల్లో తిరిగే ఆ చక్రానికి బెల్టు తగిలించి నీళ్ళు తోడటం వాళ్ళకు అలవాటే. పచ్చజీపుతో ఎన్నిసార్లు తోడారో. ఆ రోజు పచ్చజీపు ఊళ్ళో లేదని మట్టిజీపుకు జాకీ పెట్టారు. గేరు వేశారో లేదో, అది జాకీ మీంచి దూకి, ఎద్దుల్ని బెదరగొట్టి, తిన్నగా పోయి గడ్డివాములో దూరింది.

దాన్ని చూసి తీర్పు చెప్పింది రూప్‌సింగే. చెంచురామయ్య గారికి డ్రైవరూ అతనే, మెకానిక్కూ అతనే. పాల్వంచ షెడ్డులో బొజ్జయ్య మేస్త్రి దగ్గర ఆరేళ్ళు గ్రీజులో పొర్లి పని నేర్చుకున్నవాడు. వెనక రెండు చక్రాల నడుమ ఇరుసులో గుమ్మడికాయంత బుడిపె ఉంటుంది చూడండి, చక్రాలకు బలం పంచే పళ్ళచక్రాలన్నీ దాని కడుపులోనే ఉంటాయి. అందులో పెద్ద చక్రాన్ని క్రౌన్ అంటారు. ‘క్రౌన్ పళ్ళు విరిగినయ్ అయ్యా, ఇది ఇగ పనికిరాదు’ అన్నాడు రూప్‌సింగ్, విప్పి చూడకుండానే. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు చెంచురామయ్య గారు కూడా సరే అన్నాడు. ఆయన భార్య ఆదెమ్మ గారు వెంటనే అందులో కోళ్ళను సర్దింది. బండి గురించి రూప్‌సింగ్ ఒక మాటన్నాడంటే ఆ చుట్టుపక్కల దానికి తిరుగుండేది కాదు, ఆ పేరంటే అతనికి ప్రాణం. అయినా పాపం, వారానికోసారి కోళ్ళను దింపి, ఆ జీపు ఇంజను కాసేపు తిప్పి ఆపేవాడు. ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేవాడు.

ఎనభై రెండులో, జూలై నెల, ఒక శుక్రవారం. పొద్దున ఎనిమిదిన్నరకు రూప్‌సింగ్ చెల్లెలు బాలి మోకాళ్ళ దాకా బురదతో పరిగెత్తుకొచ్చి, పచ్చజీపు కింద పడుకుని ఉన్న అన్న కాలు పట్టి గుంజింది.

“అన్నా, లెవ్వు. ఇయ్యాలనే అంట.”

“ఏంది ఇయ్యాల?”

“ఇంటర్వ్యూ. నర్సు ట్రైనింగుది. నాలుగొద్దుల కింద రావాల్సిన కాయితం, వానకు టపా ఆగి ఇప్పుడొచ్చింది.”

రూప్‌సింగ్ బయటికొచ్చి చేతులు లుంగీకి తుడుచుకుని కాగితం అందుకున్నాడు. భద్రాచలంలో, మధ్యాహ్నం పన్నెండు గంటలకు. పేరు పిలిచినప్పుడు లేనివారికి మరో అవకాశం ఇవ్వబడదు అని కింద గీత గీసి మరీ రాసుంది. తండాలో పదో తరగతి గట్టెక్కిన మొదటి ఆడపిల్ల బాలి. రెండేళ్ళ నుంచి దరఖాస్తులు పెడుతుంటే ఇదే మొదటి పిలుపు. అతని గుండె ఒక్కసారిగా పైకెగిరి, అంతే జోరుగా కిందికి జారింది. ఎందుకంటే దారిలో ఎర్రమిట్ట ఉంది.

ఎర్రమిట్ట అంటే అరమైలు ఎక్కుడు. ఎర్రమట్టి. వెదురు లారీలు పోయి పోయి దాంట్లో మోకాలిలోతు చక్రాల గాళ్ళు పడ్డాయి. నాలుగు చక్రాలూ లాగితే జీపు ఎలాగో ఎక్కేదేమో గాని, ముందు చక్రాలకు బలమిచ్చే షాఫ్టులు పెట్రోలు తాగుతాయని రెండు జీపులకూ కొన్న నెలకే పీకించి ఎవరికో ఇచ్చేశాడు చెంచురామయ్య గారు. వెనక చక్రాలే దిక్కు. మొన్న బుధవారం పచ్చజీపు అక్కడే దిగబడింది. ఒక చక్రం గాట్లో పడి గిర్రున తిరుగుతుంటే, గట్టి నేల మీదున్న రెండో చక్రం చేతులు కట్టుకుని చోద్యం చూసింది. మామూలు జీపు నైజమే అంత. ఏ చక్రం జారితే బలమంతా దానికే పోతుంది. కష్టపడేవాణ్ణి పస్తుంచి సోమరికి నెయ్యేసి వడ్డించే సంసారం. రెండు జతల ఎద్దుల్ని కట్టి గుంజితే సగం రోజు పట్టింది. నడిచిపోదామా అంటే పదకొండు మైళ్ళ బురద.

ఇద్దరూ కాగితం వంకే చూస్తూ నిలబడి ఉండగా చెంచురామయ్య గారు గొడుగేసుకుని వచ్చాడు. కాగితం చదివాడు, వాచీ చూసుకున్నాడు.

“ఇంకా చూస్తావేంట్రా, పచ్చజీపు తియ్యి. అడగాలా?”

“ఎర్రమిట్ట ఎక్కదయ్యా. మొన్న చూసిన్రు కదా.”

“మరి ఆ దరిద్రపుదో?”

“దాని క్రౌన్ విరిగింది కదయ్యా” అన్నాడు రూప్‌సింగ్, ఎటో చూస్తూ.

ఆ జీపు మాటెత్తితే చాలు, చెంచురామయ్య గారికి సికింద్రాబాదు వ్యాపారి గుర్తొస్తాడు. గుర్తొస్తే ఇక ఆపడం బ్రహ్మతరం కాదు. “వాడు నన్ను నిలువునా ముంచాడమ్మా బాలీ. ‘వెనక లాకున్న బండి సార్, మీ అదృష్టం’ అన్నాడు. తీరా చూస్తే వెనక సామాన్ల పెట్టెకి తాళముంది, తాళంచెవి లేదు. పగలగొట్టి తీస్తే లోపల చచ్చిన బల్లి. తాళంచెవి పంపరా నాయనా అని మూడు కార్డులు రాశా. జవాబేం రాశాడో తెలుసా? తాళంచెవి ఉండదంట. నాతోనా ఎకసెక్కాలు?”

ఊళ్ళో ఈ కథ వినని చెవి లేదు. కార్డు మాత్రం ఆయన తప్ప ఎవరూ చదవలేదు. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఉండే చీటీల కట్టలోంచి అది తొంగి చూస్తుంటే బాలి చెయ్యి చాపింది. తోచక అడిగిందో, ఏడుపు ఆపుకోవడానికి అడిగిందో గాని, తీసుకుని పైకి చదివింది.

“వెనక లాకుకు తాళంచెవి ఉండదు. బురదలో అదే పడుతుంది, మలుపులో అదే వదులుతుంది. చప్పుడుకు భయపడవద్దు.” అక్కడ ఆగి అన్న వైపు చూసింది. “పెట్టె తాళం బురదల పడుడేందన్నా?”

రూప్‌సింగ్‌కు ఒళ్ళు జల్లుమంది. బొజ్జయ్య మేస్త్రి ఎప్పుడో బీడీ కాలుస్తూ చెప్పిన మాట అది. కొన్ని మిలిటరీ బళ్ళలో ఆ ఇరుసు బుడిపెలోనే ఒక లాకు ఉంటుందట. బురదలో రెండు వెనక చక్రాల్నీ జోడెడ్లలా కలిపి లాగిస్తుందట, మలుపులో మాత్రం పళ్ళు వదిలేస్తూ టకటకమంటుందట. మేస్త్రి చెప్పాడు, రూప్‌సింగ్ విన్నాడు, కళ్ళతో చూసింది లేదు. వింటూనే మరిచిపోయాడు. టకటక. ఒక చక్రమే లేపితే జాకీ మీంచి దూకడం. దూకదా మరి? లేపిన చక్రంతోపాటు నేల మీది చక్రమూ తిరిగితే దూకక ఏం చేస్తుంది?

“అయ్యా, రెండు జాకీలు కావాలె. జల్దీ.”

తొమ్మిదైంది. అప్పటికే మిరపచేలల్లో పనికొచ్చినవాళ్ళూ తండావాళ్ళూ ఇరవైమంది దాకా చేరారు. రూప్‌సింగ్ ముందు పచ్చజీపు ఇరుసు కింద జాకీలు పెట్టి వెనక చక్రాలు రెండూ నేల వదిలేలా లేపాడు. గేరు తీసేసి కుడి చక్రాన్ని ముందుకు తిప్పాడు. ఎడమ చక్రం వెనక్కి తిరిగింది.

“మామూలుది గిట్లనే ఉంటది. ఒకటి ఎటు తిరిగితే రెండోది దానికి ఎదురు తిరుగుతది” అన్నాడు, పైకే. అందరికీ చెబుతున్నట్టు గాని, నిజానికి తనకు తాను చెప్పుకుంటున్నాడు.

తర్వాత మట్టిజీపు. ఆదెమ్మ గారు తిట్టుకుంటూ కోళ్ళను దింపింది. చక్రాలు నేల వదిలాయి. రూప్‌సింగ్ కుడి చక్రం పట్టుకున్నాడు గాని తిప్పడానికి చెయ్యి రాలేదు. ఎదురు తిరిగితే చెల్లెలి ఆశ పోతుంది. తోడు తిరిగితే తన పరువు పోతుంది. రెండిట్లో ఏది జరగాలో అతని మనసుకు ఒక్క క్షణం కూడా అనుమానం లేదు. తిప్పాడు.

ఎడమ చక్రం కూడా ముందుకే తిరిగింది. రెండూ ఒక్కలాగే.

“తోడు తిరుగుతున్నది” అని బాలి గంతేసింది. జనంలో గుసగుసలు మొదలయ్యాయి.

“ఆగు, అప్పుడే కాదు.” రూప్‌సింగ్ చక్రం వదల్లేదు. కొందరు మేస్త్రీలు లోపలి చిన్న పళ్ళను వెల్డింగుతో అతికించి పారేస్తారు. అదీ ఇలాగే తోడు తిరుగుతుంది, కాని మలుపులో వదలడం తెలియదు; నాలుగు మలుపులు తిరిగేసరికి ఇరుసు పుటుక్కుమంటుంది. లాకో, అతుకో తేలాలి. బండిని గేర్లో పెట్టాడు. ఎడమ చక్రాన్ని వెనక్కి లాగి కదలకుండా పట్టుకోమని బాలికి చెప్పి, తను కుడి చక్రాన్ని మెల్లగా ముందుకు నెట్టాడు. అతుకైతే కదలకూడదు.

కదిలింది. లోపల టక్‌మంది. ఇంకా నెట్టాడు. టక్. టక్. టక్.

“విరిగిన పళ్ళు కూడా గట్లనే అంటయేమో కదరా” అన్నాడు జనంలోంచి తండా పెద్ద దేవ్లా.

“విరిగిన పన్ను చుట్టుకొక్కసారే మొత్తుకుంటది, తాతా. చూడాలె. బాలీ, చప్పుడు లెక్కవెట్టు.”

బాలి చక్రానికి చెంప ఆనించి కళ్ళు మూసుకుంది. అన్న ఒక చుట్టు పూర్తిగా తిప్పాడు. “ఒక్క తీరుగ కొడుతున్నదన్నా. యాడ గూడ తప్పిపోలే. గడియారం లెక్క.”

అంతటితో ఆగలేదతను. బుడిపెకున్న నూనె బిరడా విప్పి వేలు పెట్టి తీశాడు. పళ్ళు విరిగి ఉంటే నూనెలో ఇనుప రజను మెరవాలి. అరచేతిలో రుద్దాడు. నల్లటి నూనె, నున్నగా, పాపమెరుగని నూనె. రూప్‌సింగ్‌కు నవ్వొచ్చింది, దాని వెనకే తను చెప్పిన తీర్పు గుర్తొచ్చింది. చెంచురామయ్య గారు అతని ముఖంలోకే చూస్తున్నాడు.

“ఏరా, పళ్ళు విరిగాయన్నావుగా?”

ఇరవైమంది చూస్తున్నారు. ‘నూనె మారిస్తే సర్దుకుందయ్యా’ అని ఒక్క అబద్ధమాడితే సరిపోయేది, పేరు పేరులాగే ఉండేది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కాని చెల్లెల్ని ఈ బండి ఎక్కించబోతున్నాడు. ఎర్రమిట్ట మీద ఈ ఇరుసునే నమ్మాలి. అబద్ధంతో మొదలుపెట్టడానికి అతనికి భయమేసింది.

“నేను తప్పు చెప్పిన అయ్యా” అన్నాడు, అందరికీ వినబడేలా. “విప్పకుండనే చెప్పిన. దీనికి పళ్ళేం విరగలే. ఇది లాకున్న బండి. మీకు ఆ సికింద్రాబాదాయన అబద్ధం చెప్పలే, నేను చెప్పిన.”

చెంచురామయ్య గారు మళ్ళీ వాచీ చూసుకున్నాడు. “తొమ్మిదీ నలభై. తిట్లు తర్వాత. నేనూ వస్తా, పదండి.”

“మీరెందుకయ్యా ఈ వానల?”

“నా లాకురా అది. మూడేళ్ళ నుంచి వెతుకుతున్నా.”

పచ్చజీపు బ్యాటరీ ఇందులోకి మారింది. ఒక్క తిప్పుకే ఇంజను పలికింది. వారం వారం తిప్పినందుకు ఇదన్నమాట ఫలితం. బాలి సర్టిఫికెట్లు యూరియా సంచి కవరులో చుట్టి కడుపుకు కట్టుకుని ముందు కూర్చుంది. నూట పది కిలోల చెంచురామయ్య గారు వెనక్కెక్కేసరికి బండి మొత్తం నిట్టూర్చింది.

ఎర్రమిట్ట కిందికి చేరేసరికి పదీ ఇరవై. పైనుంచి ఎర్రనీళ్ళు గాళ్ళలో కాలువలై వస్తున్నాయి. రూప్‌సింగ్ రెండో గేరులో, ఆక్సిలరేటరు మీద పాదం కదలకుండా ఎక్కించాడు. సగం దూరంలో, మొన్న పచ్చజీపు దిగబడిన చోటే, ఎడమ చక్రం దభీమని గాట్లో పడింది. బండి ఒరిగింది. ఇంజను మూలిగింది. బాలి దేవుళ్ళందర్నీ తలుచుకుంది. ఇక్కడే ఆగాలి లెక్క ప్రకారం.

ఆగలేదు. వెనక లోపలెక్కడో టక్‌మని గట్టిగా ఒకటే చప్పుడు. జారుతున్న చక్రంతోపాటు గట్టు మీది చక్రం కూడా నేలను పట్టింది. పడుకున్న గేదె లేచినట్టు మెల్లగా, బద్ధకంగా, ఎవరేమన్నా నాకేంటన్నట్టు జీపు గాట్లోంచి పైకి లేచింది.

“పడిందిరా లాకు” అని వెనక నుంచి చెంచురామయ్య గారి కేక. ఆ కేకకు ఆయన సీటు కిందినుంచి ఇంకో కేక జవాబిచ్చింది. దింపడం మరిచిపోయిన పొదిగే కోడి ఒకటి రెక్కలు కొట్టుకుంటూ ఆయన తల మీదికెక్కింది.

నవ్వడానికి వ్యవధి లేకపోయింది. మలుపు తిరగగానే ఎదురుగా వెదురు లారీ, దారికి అడ్డంగా కూరుకుపోయి ఉంది. కుడివైపు లోయ, ఎడమవైపు గట్టు వెంబడి బండి పట్టేంత సందు. రూప్‌సింగ్ స్టీరింగు ఎడమకు పూర్తిగా తిప్పేశాడు. జీపు వినలేదు. వెనక చక్రాలు రెండూ ఒకటై తోస్తుంటే ముందు చక్రాలు పక్కకు తిరిగి కూడా బురద మీద సూటిగా జారుతున్నాయి, లారీ వెనక భాగం మీదికి.

“అన్నా” అంది బాలి. “మలుపుల అదే వదులుతదని రాసిండు. నువ్వు వదులుతలేవు.”

నిజమే. బలంతో తోస్తున్నంతసేపు అదెలా వదులుతుంది? ఎక్కుడు మీద ఆక్సిలరేటరు వదలడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. రూప్‌సింగ్ పళ్ళు బిగించి పాదం ఎత్తాడు. బండి ఒక్క క్షణం ఆగినట్టే ఆగింది. వెనక టకటకటక. దయ్యమని ఊరంతా భయపడిన ఆ చప్పుడు ఆ పూట అతని చెవులకు సన్నాయిలా వినిపించింది. ముక్కు ఎడమకు తిరిగింది. మళ్ళీ తొక్కాడు. లాకు పడింది. గట్టుకు ఒరుసుకుంటూ, వెదురు బొంగులు పక్కనంతా గీసుకుంటూ, జీపు లారీని దాటి మిట్ట నెత్తికెక్కింది.

రూప్‌సింగ్ నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో వానలో తెలియలేదు.

తారురోడ్డు ఎక్కేసరికి పదకొండు. ఇక బండికి రెక్కలొచ్చాయి. సారపాక దాటి, గోదావరి వంతెన మీదికొచ్చేసరికి పదకొండూ యాభై. కింద నది ఎర్రగా, ఒడ్లు ఒరుసుకుంటూ పోతోంది. ముగ్గురిలో ఒక్కరూ దానివైపు చూడలేదు. చెంచురామయ్య గారు ఒళ్ళో కోడిని పట్టుకుని నిమిషాలు చెబుతున్నాడు.

ట్రైనింగు స్కూలు గేటు దగ్గరికి రాగానే లోపలి వరండాలోంచి గుమాస్తా గొంతు వినిపించింది. “భూక్యా బాలి. రెండోసారి పిలుస్తున్నా. భూక్యా బాలి.”

“ఉన్నది సార్” అని రూప్‌సింగ్ ఆగని జీపులోంచే అరిచాడు. “ఆగున్రి సార్, వస్తున్నది.”

వరండా అంతా తిరిగి చూసింది. బాలి చెప్పులు చేత్తో పట్టుకుని, ఎర్రమట్టి కారుతున్న పరికిణీతో పరిగెత్తింది. కొందరు ఆడపిల్లలు నవ్వారు. ఆమె తల తిప్పలేదు. ఆమె వెనకే తలుపు మూసుకుంది.

నలభై నిమిషాలు. రూప్‌సింగ్ టీ తాగలేకపోయాడు. బండి చుట్టూ తిరిగాడు, కూర్చున్నాడు, లేచాడు. చివరికి ఉండబట్టలేక చెంచురామయ్య గారి ముందు నిలబడ్డాడు.

“తిట్టున్రి అయ్యా. తర్వాత తిడతానంటిరి.”

చెంచురామయ్య గారు ఆ పోస్టుకార్డు తీసి మళ్ళీ ఒకసారి మొదటినుంచి చివరి దాకా చదువుకున్నాడు. “మూడేళ్ళు జేబులో పెట్టుకుని తిరిగి, రెండో వాక్యం చదవని వెధవని నేను. నిన్నేమని తిట్టమంటావురా?” అన్నాడు. కార్డు జేబులో పెట్టుకుంటూ, “అంతమందిలో నా తప్పే అన్నావు చూడు. అది నా వల్ల అయ్యేది కాదు” అన్నాడు.

రూప్‌సింగ్ ఏదో అనబోతుంటే తలుపు తెరుచుకుంది.

బాలి మెట్లు దిగి వస్తోంది. ముఖంలో ఏమీ తెలియడం లేదు. దగ్గరికొచ్చి నిలబడింది.

“సోమవారం పొద్దుగాల మళ్ళ రమ్మన్నరు.”

రూప్‌సింగ్ ఒక అడుగు ముందుకేశాడు. “ఇంకో ఇంటర్వ్యూనా?”

“కాదు. పెట్టె, దుప్పటి తెచ్చుకోమన్నరు. ఇగ ఈడనే ఉండాలంట, హాస్టల్ల.”

చెప్పేదాకా ఆమెకు కూడా అది నిజమనిపించలేదేమో, చెప్పగానే అన్న భుజం మీద తల పెట్టి భోరుమంది. రూప్‌సింగ్ గ్రీజు చేతుల్తోనే ఆమె తల పట్టుకున్నాడు. చెంచురామయ్య గారు కోడిని జీపులో పెట్టి, కండువాతో ముక్కు తుడుచుకుని, ఆకాశం వైపు చూశాడు. నల్లటి మబ్బు ఇంకా అడవి వైపే పోతోంది.

“సోమవారానిక్కూడా ఇది తగ్గేట్టు లేదురా” అన్నాడు.

“పడనియ్యున్రి అయ్యా” అన్నాడు రూప్‌సింగ్.